కారు మునిగితే నష్టం ఎవరిది?

ఏప్రిల్ నెల వచ్చిందంటే హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల కార్యాలయాలలో చాలామంది ఉద్యోగుల ముందుకు ఒక పత్రం వస్తుంది. జీతంలో ఏ భాగాన్ని ఏ రూపంలో తీసుకోదలిచామో అందులో తెలపాలి. భోజన కూపన్లు, ఫోను బిల్లులు, వాటి సరసనే 'కార్ లీజు' అనే గడి. ఈసారి మా ఇంట్లో కలం సరిగ్గా ఆ గడి దగ్గరే ఆగిపోయింది.

మా చిన్న కారుకు పన్నెండేళ్ళు నిండాయి. టోలిచౌకి నుండి షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కి రాయదుర్గం చేరేసరికి ఇంజను వేడెక్కిపోతోంది. మెట్రో రైలు 2019లోనే రాయదుర్గం వరకు వచ్చింది; అయితే ఆ మార్గం మా పేటను తాకదు. అమ్మీకి మోకాళ్ళ నొప్పులు. వారానికి రెండు పర్యాయాలు ఆమెను వైద్యశాలకు తీసుకువెళ్ళాలి. కాబట్టి కారు మాకు ఆడంబరం కాదు, అవసరం. దానిని ఏ మార్గాన సంపాదించాలన్నదే మా ముందున్న ప్రశ్న.

ఒక రాత్రి ఇషా నమాజు తరువాత మేమిద్దరం కాగితాలు ముందేసుకుని లెక్కలు కడుతున్నాము. అమ్మీ కాసేపు విని ఒక్క మాట అడిగారు: "బేటా, ఆ బండి వానలో మునిగిపోతే నష్టం ఎవరిది?"

ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల కుంభవృష్టికి మా టోలిచౌకి నదీమ్ కాలనీ ఎలా నీట మునిగిందో ఆమె కళ్ళారా చూశారు. వీధులలో కార్లు తేలియాడిన దృశ్యం ఈ నగరం మరచిపోలేదు. మేము నెలవారీ వాయిదా గురించి ఆలోచిస్తుంటే, ఆమె యాజమాన్యం గురించి ఆలోచించారు. ధర్మశాస్త్రం కూడా మొదట అడిగేది అదేనని మాకు తరువాత తెలిసింది.

మూడు దారులు, మూడు లెక్కలు

ఉదాహరణకు 12 లక్షల కారును తీసుకుందాం. చేతి డబ్బుతో కొంటే అయ్యేది ఆ 12 లక్షలే. మొత్తాన్ని 9 శాతం వడ్డీపై నాలుగేళ్ళకు అప్పుగా తీసుకుంటే నెలకు సుమారు 29,860 రూపాయలు, వెరసి 14 లక్షల 33 వేలు కట్టాలి. అందులో వడ్డీ 2 లక్షల 33 వేలు.

లీజులో కారు యజమాని లీజు సంస్థ. అద్దెను కంపెనీ మన జీతం నుండి పన్ను లెక్కకు ముందే మినహాయించి చెల్లిస్తుంది. నెలకు 31,000 చొప్పున 48 నెలల అద్దె 14 లక్షల 88 వేలు అవుతుంది. చివర కారును సొంతం చేసుకోవడానికి మరో 2 లక్షల 40 వేలు ఇవ్వాలనుకుందాం. మొత్తం 17 లక్షల 28 వేలు.

అయితే పన్నులో మిగిలేది ఉంది. 1962 నాటి ఆదాయపు పన్ను నియమావళిలో, నిర్వహణ ఖర్చులను కూడా కంపెనీయే భరించే పక్షంలో, 1.6 లీటర్ల వరకు ఇంజను గల కారు సౌకర్యాన్ని నెలకు 1,800 రూపాయల ఆదాయంగానే పరిగణించేవారు. ఆ లెక్కన 30 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగికి నాలుగేళ్ళలో సుమారు 4 లక్షల 37 వేలు మిగులుతాయి. అప్పుడు లీజు ఖర్చు 12 లక్షల 91 వేలకు దిగుతుంది. అంటే అప్పు కన్నా చౌక. సహోద్యోగులు లీజువైపు మొగ్గడానికి కారణం ఇదే. అయితే 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు 2026 ఏప్రిల్ 1 నుండి. కనుక పాత అంకెలను నమ్మి సంతకం చేయరాదు. ఈ ఏడాది వర్తించే విలువను జీతాల విభాగం నుండి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

అద్దె ధర్మసమ్మతమే, అయితే...

అల్ బఖరా సూరా 275వ వాక్యం వ్యాపారానికి, వడ్డీకి మధ్య గీత గీసింది. అందువల్ల వడ్డీ అప్పు మాకు మొదటి రోజే పక్కకు పోయింది. అద్దె ఒప్పందం, అంటే ఇజారా, ఇస్లాం ధర్మశాస్త్రం ఆమోదించిన వ్యవహారం. మూసా (అలైహిస్సలాం) మద్యన్‌లో ఎనిమిదేళ్ళ కొలువుకు ఒప్పుకున్న వృత్తాంతం అల్ ఖసస్ సూరాలో మనందరం చదివినదే. లీజు అనే మాట వినగానే మా మనసు కుదుటపడడానికి కారణం ఇదే.

కాని పేరు అద్దె అయినంత మాత్రాన స్వభావం అద్దె కాజాలదు. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 2000 సెప్టెంబరులో రియాద్ సమావేశంలో, చివర యాజమాన్యం అద్దెదారుకు దక్కే లీజులపై 110వ తీర్మానం చేసింది. దాని సారాంశం ఇది: అద్దె, అమ్మకం రెండు వేర్వేరు ఒప్పందాలుగా ఉండాలి. వస్తువు నష్టపోతే, అద్దెదారు నిర్లక్ష్యం లేనప్పుడు, నష్టం యజమానిదే. బీమా చేయిస్తే అది సహకార పద్ధతిలో ఉండాలి, దాని ఖర్చు యజమాని భరించాలి. రోజువారీ నిర్వహణ కాని మరమ్మతులు కూడా యజమాని బాధ్యతే.

ఈ గీటురాయితో మా చేతిలోని ఒప్పందాన్ని పరిశీలించాము. కారు పూర్తిగా ధ్వంసమైతే, బీమా సొమ్ము పోగా మిగిలిన బకాయి అద్దెదారే చెల్లించాలని అందులో ఉంది. అద్దె ఆలస్యమైతే దానిపై వడ్డీ. పెద్ద మరమ్మతులూ మావే. అమ్మీ ప్రశ్నకు సమాధానం దొరికింది: కారు వారిది, నష్టం మాది. అది అద్దె వేషంలో ఉన్న అప్పేనని మాకు తోచింది.

న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి. ఒప్పందాలన్నీ ఒకేలా ఉండవు. కొన్నింటిలో కంపెనీయే లీజు సంస్థతో ఒప్పందం చేసుకుని కారును కేవలం సౌకర్యంగా ఇస్తుంది. గడువు ముగిశాక తిరిగి ఇచ్చేయవచ్చు. అలాంటి దానిపై ఆలిముల అభిప్రాయం వేరుగా ఉండవచ్చు. కాబట్టి మా తీర్మానాన్ని ఫత్వాగా భావించకండి. మీ కాగితాలను మీరు నమ్మిన ముఫ్తీ గారికి చూపించండి.

ఉద్యోగం పోతే?

ఐటీ కొలువుల అస్థిరత మనకు తెలియనిది కాదు. మధ్యలో ఉద్యోగం మానినా, తొలగించబడినా, లీజును కొత్త యజమానికి బదలాయించాలి. కుదరకపోతే మిగిలిన మొత్తం చెల్లించాలి లేదా రుసుముతో ఒప్పందం ముగించాలి. జీతం ఆగిన నెలలోనే ఇంత భారం మీద పడుతుంది. దైవప్రవక్త (సఅసం) తన ప్రార్థనలలో రుణభారం నుండి అల్లాహ్ శరణు కోరేవారు. ఆ ప్రార్థనలోని లోతు మాకు ఆ నిబంధన చదివినప్పుడు అర్థమైంది.

మేము చేసిన పని

చివరకు కొత్త కారు ఆశ వదులుకున్నాము. ఉన్న పొదుపుతో నాలుగేళ్ళు వాడిన ఒక కారును ఎంచుకుని, తెలిసిన మెకానిక్‌తో పరీక్ష చేయించి కొన్నాము. తక్కువ పడిన లక్షన్నర రూపాయలను అన్నయ్య ఖర్జె హసనాగా ఇచ్చారు. సొంత అన్నదమ్ముల మధ్య కాగితం ఎందుకని ఆయన నవ్వారు. అయినా అల్ బఖరా 282వ వాక్యాన్ని గుర్తు చేసి, గడువు రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించాము. పన్నులో మిగిలేది వదులుకున్నామన్నది నిజమే. పిల్లలు రెండు రోజులు ముఖం ముడుచుకున్నదీ నిజమే.

ఈ హైదరాబాదుకు వడ్డీ లేని రుణం కొత్త కాదు. ఇక్కడే పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ నగరంలోని వడ్డీ రహిత రుణ సంఘాల గురించి ఏనాడో రాశారు. ఆ సంప్రదాయాన్ని బంధువుల మధ్యనైనా తిరిగి బ్రతికించుకోవలసిన బాధ్యత మనది.

సంతకానికి ముందు ఈ అయిదు ప్రశ్నలు అడగండి:

1. కారు ధ్వంసమైతే నష్టం ఎవరు భరిస్తారు?
2. కారు చేతికి రాకముందే అద్దె మొదలవుతుందా?
3. ఆలస్యానికి వడ్డీ ఉందా?
4. చివర కారు కొనడం మన ఇష్టమా, నిర్బంధమా?
5. ఉద్యోగం పోతే ఎంత చెల్లించాలి?

మొదటి ప్రయాణంలో అమ్మీ ముందు సీటులో కూర్చుని బిస్మిల్లాహ్ అన్నారు. ఫ్లైఓవర్ దిగుతుండగా చిరునవ్వుతో మళ్ళీ అడిగారు: "ఇది మునిగితే?" "మనదే అమ్మీ, నష్టమైనా లాభమైనా మనదే" అన్నాము. "అల్‌హమ్దులిల్లాహ్, అయితే నిశ్చింతగా నడుపు" అన్నారామె.