చెవి దగ్గర ఫోను, మెదడులో కంతి

సెల్‌ఫోను ఎక్కువగా మాట్లాడితే మెదడులో కంతి లేస్తుందన్న మాట మా మహబూబ్‌నగర్‌లో వినని వారుండరు. అలాగని ఫోను వదిలినవారూ లేరు. మాది వలసల జిల్లా గదా! ఒకప్పుడు బొంబాయి పోయినవాని క్షేమం తెలియాలంటే ఉత్తరం రావాలి, వచ్చిన ఉత్తరాన్ని చదివిపెట్టేవారు దొరకాలి. ఈనాడు పాలమూరు కూలీ మూటలో ముందు చేరేది ఫోనే.

ఆ మధ్య మా కాలేజీకి ఒక విద్యార్థి తల్లి స్కాలర్‌షిప్పు కాగితాల కోసం వచ్చింది. భర్త బొంబాయిలో మేస్త్రీ పని చేసేవాడట. మెదడులో కంతి లేచి పోయాడు. సంతకాలయినా ఆమె కదలలేదు. "సారూ, ఆ ఫోను నేనే కొనిపించిన. రోజూ మాట్లాడమని సతాయించిన. గదే పానం తీసిందంటున్రు. నిజమేనా?" అని అడిగింది. నేను తెలుగు చెప్పుకునేవాణ్ణి. అయినా ఆ ప్రశ్నకు తోచిన సమాధానమేదో చెప్పి పంపడానికి మనసొప్పలేదు. వారం గడువడిగి, మా ఫిజిక్సు మిత్రుణ్ణి పక్కన పెట్టుకొని చదివాను.

ఈ భయానికి మూలం లేకపోలేదు. 2011 మే నెలలో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ ఫోను తరంగాలను "క్యాన్సరు కలిగించవచ్చునేమో" అన్న జాబితాలో చేర్చింది. పత్రికలు ఆ "నేమో"ను మింగేశాయి. అదే జాబితాలో కలబంద ఆకు సారం కూడా ఉన్నది! అక్కడ చేర్చడమంటే ప్రమాదం పెద్దదని కాదు, అనుమానం కొట్టివేయడానికి తగిన సాక్ష్యం చాలలేదని.

అంతకు ముందు ఏడాది, 2010లో, 13 దేశాల పరిశోధన ఒకటి వెలువడింది. ఫోను వాడేవారికి మొత్తం మీద కంతులు ఎక్కువగా కనిపించలేదు. కాని అందరికన్నా ఎక్కువగా, అంటే మొత్తం 1,640 గంటలకు పైగా, మాట్లాడామన్నవారిలో మాత్రం గ్లయోమా అనే కంతి నూటికి 40 వంతులు ఎక్కువగా తేలింది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఆ గంటల లెక్క రోగులు తలచుకొని చెప్పినది. తలలో కంతి ఉన్నదని తెలిసినవాడు ఎన్నాళ్ళు, ఎంతసేపు, ఏ చెవితో మాట్లాడానా అని తవ్వుకుంటాడు. ఆరోగ్యవంతుడికి ఆ గుర్తు ఎందుకు? రోజుకు 5 గంటలకు మించి మాట్లాడామన్నవారూ అందులో ఉన్నారు. ఆ పరిశోధకులే ఆ అంకెను పూర్తిగా నమ్మలేమన్నారు.

తరువాతి వారు జ్ఞాపకాలకన్న కాలాన్నే నమ్ముకున్నారు. బ్రిటనులో ఏడు లక్షలకు పైబడిన స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించి, ఫోను వాడినవారికీ వాడనివారికీ తేడా లేదని 2022లో ప్రకటించారు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరికపై 63 పరిశోధనలను కలిపి పరిశీలించినప్పుడూ ఫోనుకూ మెదడు క్యాన్సరుకూ సంబంధం కనిపించలేదు. పదేళ్ళకు పైగా వాడినవారి మాటా అంతే.

మా మిత్రుడు దీనికి కారణం చెప్పాడు. ఎక్స్‌రే కిరణానికి కణంలోని బంధాలను తెంచే శక్తి ఉన్నది. ఫోను తరంగానికి అంత శక్తి లేదు. అది చేయగలిగినదల్లా చర్మాన్ని కొద్దిగా వెచ్చబరచడమే. దానికీ 2012 సెప్టెంబరు 1 నుండి మన దేశంలో కిలోకు 1.6 వాట్లని హద్దు పెట్టారు. ఫోనులో స్టార్, హాష్, సున్న, ఏడు, హాష్ నొక్కితే చాలా ఫోన్లలో ఆ అంకె కనిపిస్తుంది.

నిజమైన కీడు ఎలా ఉంటుందో తెలియనివారమా మనం? పొరుగున నల్లగొండలో నీటిలో ఫ్లోరైడు హద్దు మీరినచోట పిల్లలకు గారపళ్ళు, పెద్దలకు వంగిన నడుములు. మోతాదుతో పాటే జబ్బూ పెరిగింది. దానిని చూడడానికి భూతద్దం అక్కరలేకపోయింది. మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. ఈ ముప్పయ్యేళ్ళలో చేతులలోకి వచ్చిన ఫోన్లు కోట్లకు కోట్లు. కీడు ఆ పాటిదే అయితే, క్యాన్సరు లెక్కలు జాగ్రత్తగా రాసే దేశాలలో కంతులు ఈపాటికి ఫోన్లతో పోటీ పడి పెరిగి ఉండాలి. అలా పెరగలేదు.

టవర్ల సంగతి మరీ విచిత్రం. వీధిలో టవరు వద్దని కొందరు గొడవ చేస్తారు. టవరు దూరమైతే చెవి దగ్గరి ఫోను మరింత గట్టిగా అరవాలి. అంటే తరంగాల బలం పెంచుకోవాలి. ఆ లెక్కన టవర్ల నడుమ ఉన్న పట్నవాసి తలకన్న, సిగ్నలు అందీ అందని నల్లమల అడవిలో మన్ననూరు వైపు మాట్లాడేవాని తలకే తరంగాలు ఎక్కువ తగులుతాయి!

ఇక పసితనం నుండీ ఫోను పట్టిన పిల్లల సంగతి. వారిని నిండు జీవితకాలం గమనించడం ఇంకా మిగిలే ఉన్నది. అందుచేత మా ఇంట్లో పిల్లలు ఎక్కువసేపు మాట్లాడవలసివస్తే చెవికి తీగ పెట్టుకోమంటాను; ఫోను తలకు జానెడు దూరం జరిగితే చాలు, తగిలే బలం ఎన్నో రెట్లు పడిపోతుంది. ఖర్చులేని జాగ్రత్త. అయితే మోటారు సైకిలు మీద మెడ వంచి, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకొని హైదరాబాదు రోడ్డెక్కే కుర్రవాణ్ణి చూసినప్పుడు నాకు కలిగే భయం వేరు. దానికి ఏ పరిశోధనా అక్కరలేదు.

వారం తరువాత ఆ తల్లి మళ్ళీ వచ్చింది. పెద్దలలో వచ్చే మెదడు కంతులలో చాలావాటికి కారణమేదో డాక్టర్లకే అంతు చిక్కలేదనీ, ఫోను మీద మోపిన నేరం మాత్రం రుజువు కాలేదనీ చెప్పాను. "నువ్వు మాట్లాడించినందువల్ల ఆయన పోలేదమ్మా" అన్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, "గా ఫోన్ల ఆయన గొంతు ఉన్నది సారూ. తీసి పారెయ్యుమన్నరు. పారెయ్యలే" అన్నది.