టూరింగ్ బైక్ కొంటున్నారా? సీసీ కాదు, ఏడో గంట చూడండి

ఫోన్ల గురించి అడిగే ఫ్రెండ్సే ఈమధ్య నన్ను బైకుల గురించీ అడుగుతున్నారు. ప్రశ్న కూడా అదే టైపు. "బ్రో, హిమాలయన్ 450 తీసుకోనా, డొమినార్ తీసుకోనా, లేక కేటీఎం కోసం ఇంకొన్నాళ్లు ఆగనా?" రెండు స్పెక్ షీట్లు పక్కపక్కన పెట్టుకుని, ఏ కాలమ్‌లో నంబర్ పెద్దగా ఉందో చూసి టిక్ కొట్టే అలవాటు మనది. ఫోన్ విషయంలో దానివల్ల పెద్ద నష్టం లేదు, నచ్చకపోతే ఏడాదికి అమ్మేస్తాం. బండి అలా కాదు. మూడు లక్షల ఖర్చు, మూడేళ్ల ఈఎంఐ, పైగా హైవే మీద లారీల పక్కన వెళ్లేది మనమే.

గేమింగ్ ఫోన్ల రివ్యూలు చదివేవాళ్లకి ఒక విషయం బాగా తెలుసు. బెంచ్‌మార్క్ స్కోర్ అనేది మొదటి కొన్ని నిమిషాల కథ. అరగంట ఆడాక ఫోన్ వేడెక్కి ఫ్రేమ్‌లు పడిపోతే ఆ స్కోర్ ఎందుకూ పనికిరాదు. టూరింగ్ బైక్ కూడా అంతే. షోరూమ్ చుట్టూ 2 కిలోమీటర్ల టెస్ట్ రైడ్‌లో ప్రతి బండీ సూపర్‌గానే ఉంటుంది. ఏడో గంటలో మీ నడుము, అరచేతులు, మోకాళ్లు ఏం చెబుతున్నాయన్నదే అసలైన రివ్యూ. నేను ఏ బండి స్పెక్ షీట్ చూసినా ఆ ఏడో గంటకి పనికొచ్చే నంబర్లే వెతుకుతా. అవి సాధారణంగా యాడ్‌లో కనిపించవు.

పవర్ ఎంత కాదు, ఎక్కడ వస్తోంది?

రెండు లక్షలకి అటూఇటూగా ఎక్స్-షోరూమ్ ధర ఉన్న రెండు బండ్లు తీసుకుందాం. సుజుకి వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్ 249 సీసీ, 26.5 పీఎస్. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 అయితే 349 సీసీ, 20.2 బీహెచ్‌పీ. ఈ రెండు కొలతలూ దాదాపు ఒకటే అనుకోవచ్చు. ఇక్కడిదాకా చదివితే చిన్న ఇంజినే గెలిచినట్టు. కానీ ఆ పక్కనే చిన్న అక్షరాల్లో ఉండే ఆర్పీఎం చూడండి. సుజుకి పూర్తి పవర్ 9,300 ఆర్పీఎం దగ్గర వస్తుంది, 22.2 ఎన్ఎమ్ టార్క్ 7,300 దగ్గర. మీటియర్ పవర్ 6,100 దగ్గరే వచ్చేస్తుంది, 27 ఎన్ఎమ్ టార్క్ అయితే 4,000 దగ్గరే.

రోడ్డు మీద దీని అర్థం ఏంటంటే, మీటియర్ తక్కువ ఆర్పీఎంలో నింపాదిగా లాక్కుపోతుంది. లారీ వెనక స్పీడ్ తగ్గించాక మళ్లీ అందుకోవడానికి ప్రతిసారీ గేర్ మార్చక్కర్లేదు. సుజుకి ఇంజిన్‌కి గేర్ తగ్గించి రేజ్ ఇవ్వాలి, ఇస్తే మాత్రం చురుగ్గా పరిగెడుతుంది. పైగా బరువు 167 కిలోలే, మీటియర్ 191. ఏది మంచిది అని కాదు, మీ చెయ్యి ఏ రకం నడకకి అలవాటు పడిందన్నదే ప్రశ్న.

ఇంకో మాట. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న 4 లేన్ల రోడ్ల మీద టూవీలర్ గరిష్ట వేగం గంటకి 80 కిలోమీటర్లు. అంటే విజయవాడ హైవే మీద మీరు రూల్ ప్రకారం వెళ్తే పైన చెప్పిన రెండూ హాయిగా సరిపోతాయి. 40 పీఎస్ ఎందుకు మరి? వెనక ఒకరు, రెండు పక్కలా సామాను, ముందు ఘాట్ ఎక్కుడు ఉంటే అప్పుడు ఆ ఎక్స్‌ట్రా పవర్ పనికొస్తుంది. ఒక్కడే, ఒక బ్యాగుతో వెళ్లేవాడికి దాని అవసరం అంత ఉండదు. చాలామంది లద్దాఖ్ కోసం బండి కొని కూకట్‌పల్లిలో నడుపుతున్నారు. ఏప్రిల్ ఎండలో, సిగ్నల్ దగ్గర రేడియేటర్ ఫ్యాన్ వేడిగాలి కాళ్ల మీదకి కొడుతుంటే ఆ 40 పీఎస్ వల్ల ఏం సుఖం?

బరువు అసలు తెలిసేది బండి ఆగినప్పుడే

మా బాబాయి కొడుకు కేసు చెప్తా. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం, సొంతూరు శ్రీకాకుళం వైపు. పండక్కి బండి మీదే వెళ్లాలని వాడి కోరిక, అంటే ఒక్కవైపే 700 కిలోమీటర్లు దాటే దారి. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. వాడి ఫోన్ వాల్‌పేపర్ హిమాలయన్ 450. నిజానికి అది మంచి బండి. 452 సీసీ, 40 పీఎస్, 17 లీటర్ల ట్యాంక్, గుండ్రటి టీఎఫ్‌టీ స్క్రీన్ మీద గూగుల్ మ్యాప్స్. కానీ 196 కిలోలు, సీటు ఎత్తు తగ్గించి పెట్టినా 825 మిల్లీమీటర్లు.

"అన్నయ్యా, నడిపేటప్పుడు బరువే తెలియట్లేదు" అన్నాడు. నిజమే, నడుస్తున్నప్పుడు తెలియదు. ధాబా ముందు కంకర మీద ఆపి, ఏటవాలుగా ఉన్న చోట నుంచి వెనక్కి నెట్టాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. అదీ సామానుతో, ఎనిమిది గంటలు నడిపాక. అందుకే వాడికి ఒక పని చెప్పా. షోరూమ్‌లో బండి స్టార్ట్ చెయ్యకుండా, దిగి, హ్యాండిల్ పట్టుకుని ఒక పెద్ద యూ-టర్న్ తిప్పమన్నా. తర్వాత ఎక్కి కూర్చుని పాదాలతో వెనక్కి నెట్టమన్నా. మూడు షోరూమ్‌లలో ఇదే చేశాడు. సేల్స్ వాళ్లు వింతగా చూశారట, చూడనీ.

ఇక్కడే స్పెక్ షీట్ ఎలా తికమక పెడుతుందో చూడండి. వీ-స్ట్రోమ్ సీటు ఎత్తు 835. హిమాలయన్ తక్కువ సెట్టింగ్ కన్నా ఎక్కువే. అయినా వాడికి సుజుకి తేలిగ్గా అనిపించింది, ఎందుకంటే ఒక కాలు ఆనితే చాలు, 29 కిలోలు తక్కువ కాబట్టి బండి ఆగుతోంది. ఎత్తు, బరువు విడివిడిగా చూడకూడదు. మీటియర్ సీటు 765 మాత్రమే, కాబట్టి 191 కిలోలున్నా పొట్టివాళ్లు భయం లేకుండా ఆపగలరు.

మరి క్రూజరే తీసుకోవచ్చుగా అంటే, దానికీ ఒక లెక్క ఉంది. క్రూజర్‌లో ఫుట్‌రెస్ట్‌లు ముందుకి ఉంటాయి. కాళ్లు చాపుకుని కూర్చోవడం మొదటి రెండు గంటలు సోఫాలా ఉంటుంది. కానీ మన బరువంతా తోక ఎముక మీదే పడుతుంది, గుంత వచ్చినప్పుడు లేచి నిలబడే వీలుండదు. అడ్వెంచర్ టైపు బండిలో ఫుట్‌రెస్ట్‌లు సరిగ్గా మన కిందే ఉంటాయి కాబట్టి స్పీడ్ బ్రేకర్ దగ్గర కాస్త లేస్తే దెబ్బ మోకాళ్లు తీసుకుంటాయి. గంటకోసారి అలా నిలబడి నడుము సాగదీసుకోవచ్చు కూడా. మన స్టేట్ రోడ్ల మీద ఇది చిన్న విషయం కాదు. సీటు మెత్తదనం చూసి మాత్రం మోసపోకండి. వేలితో నొక్కితే దిగిపోయే సీటు మూడో గంటకి పలకలా తయారవుతుంది.

ట్యూబ్‌లెస్సా కాదా?

యూట్యూబ్‌లో దీని గురించి రెండు సెకన్లే చెబుతారు. నా దృష్టిలో మన రోడ్ల మీద ఇది క్విక్‌షిఫ్టర్ కన్నా, రైడింగ్ మోడ్‌ల కన్నా ముఖ్యం. ఆలాయ్ వీల్, ట్యూబ్‌లెస్ టైరు ఉంటే మేకు దిగినా గాలి మెల్లగా పోతుంది, రోడ్డు పక్కన కూర్చుని స్ట్రిప్ పెట్టి, చిన్న పంపుతో గాలి కొట్టుకుని పావుగంటలో బయలుదేరొచ్చు. ట్యూబ్ ఉన్న స్పోక్ వీల్ అయితే చక్రం విప్పాలి. రాత్రి ఏడు దాటాక పంక్చర్ షాపు కోసం బండిని నెట్టుకుంటూ తిరగడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వీ-స్ట్రోమ్, డొమినార్ 400 ఆలాయ్, ట్యూబ్‌లెస్‌తోనే వస్తాయి. హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ ట్యూబ్ టైపు, మట్టి దారుల కోసం ముందు 21 అంగుళాల స్పోక్ వీల్ పెట్టారు. హిమాలయన్ 450 మొదట్లో ట్యూబ్‌తోనే వచ్చింది, 2024లో ట్యూబ్‌లెస్ స్పోక్ వీల్స్ ఆప్షన్ ఇచ్చారు. ఆ బండే కొంటే ఆ డబ్బు పెట్టండి, లైట్లకీ స్టిక్కర్లకీ తర్వాత పెట్టొచ్చు.

ట్యాంక్ గురించి ఒక్క ముక్కలో చెప్పేస్తా. హైవే మైలేజ్ లీటరుకి 28 అనుకుంటే డొమినార్ 13 లీటర్లకి 364 కిలోమీటర్లు, 35 అనుకుంటే వీ-స్ట్రోమ్ 12 లీటర్లకి 420. ఇందులో పావు వంతు తీసేసి ప్లాన్ చేసుకోండి. మన హైవేల మీద బంకులకి కరువు లేదు, రెండు గంటలకోసారి మీరెలాగూ ఆగాలి. పెద్ద ట్యాంక్ కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

ఫోన్ ఎక్కడ పెడుతున్నారు?

మన సైట్‌లో ఇది చెప్పకపోతే ఎలా. 2021 సెప్టెంబర్‌లో ఆపిల్ ఒక సపోర్ట్ నోట్ పెట్టింది. పవర్‌ఫుల్ మోటార్‌సైకిల్ ఇంజిన్ల వైబ్రేషన్ ఫ్రేమ్, హ్యాండిల్ ద్వారా ఫోన్‌కి చేరితే కెమెరాలోని ఓఐఎస్, ఆటోఫోకస్ పాడయ్యే అవకాశం ఉందని దాని సారాంశం. ఓఐఎస్‌లో లెన్స్ అతి సన్నని కదలికలతో చేతి వణుకుని సర్దుతుంది. గంటల తరబడి వైబ్రేషన్ తగిలితే ఇబ్బంది పడేది ఆ భాగమే, కాబట్టి ఓఐఎస్ ఉన్న ఏ కంపెనీ ఫోన్‌కైనా ఇదే జాగ్రత్త. నా సలహా ఏంటంటే, నావిగేషన్‌కి పాత ఫోన్ ఒకటి పెట్టుకోండి. డ్రాయర్‌లో పడి ఉన్న నాలుగేళ్ల కిందటి ఫోన్‌కి ఇంతకన్నా మంచి ఉద్యోగం దొరకదు. కొత్త ఫోన్ జాకెట్ లోపల ఉంటుంది. కొత్త ఫోనే తప్పదంటే వైబ్రేషన్ డ్యాంపర్ ఉన్న మౌంట్ తీసుకోండి.

బండి స్క్రీన్ మీదే మ్యాప్ వస్తుంది కదా అంటారా, హిమాలయన్ లాంటి వాటిలో కూడా మ్యాప్ ఫోన్ నుంచే స్క్రీన్‌కి వెళ్తుంది. అంటే ఫోన్ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. బండితో వచ్చే యూఎస్‌బీ పోర్ట్ ఎంత కరెంట్ ఇస్తుందో మాన్యువల్‌లో చూడండి. 5 వోల్ట్, 2 ఆంప్ అని ఉంటే 10 వాట్లే. ఎండలో ఫుల్ బ్రైట్‌నెస్, జీపీఎస్, డేటా అన్నీ ఆన్‌లో ఉన్న ఫోన్ దాంతో నిండదు, ఉన్న చార్జ్ నిలబడితే అదే ఎక్కువ. అదనపు లైట్లు పెట్టించే ముందు కూడా బండి ఆల్టర్నేటర్ ఎన్ని వాట్లు ఇస్తుందో, బండి తన అవసరాలకి ఎంత వాడుకుంటుందో సర్వీస్ సెంటర్‌లో అడగండి. వైరింగ్ కట్ చేసి పెట్టే లైట్ల వల్ల వారంటీ గొడవ కూడా రావచ్చు.

350 సీసీ గీత

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బైకులకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ పైన ఉన్నవాటికి సెస్‌తో కలిపి 31 శాతం ఉండేది, ఇప్పుడు 40. అంటే ఆ గీతకి అటు ఇటు 22 శాతం తేడా. 250 నుంచి 350 సీసీ మధ్య బండి కొంటే మిగిలే డబ్బుతో మంచి హెల్మెట్, జాకెట్, గ్లోవ్స్, శాడిల్ బ్యాగులు వచ్చేస్తాయి. ఈఎంఐ మీద కొనేవాళ్లు ముందు గేర్ డబ్బు పక్కన పెట్టి, మిగిలినదాంట్లో బండి చూసుకోవాలని నేను గట్టిగానే చెప్తా. మా తమ్ముడు చివరికి వీ-స్ట్రోమ్ తీసుకున్నది సగం ఈ లెక్క వల్లే. వాల్‌పేపర్ మాత్రం ఇంకా మార్చలేదు.

సర్వీస్ సెంటర్ల సంగతి కూడా చూసుకోండి. మీ వీధిలో ఉందా అని కాదు, మీరు వెళ్లే దారిలో ఎన్ని ఉన్నాయి అని. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ రూట్‌లోని ఊర్లు ఒక్కొక్కటే కొట్టి చూస్తే పది నిమిషాల పని.

అన్నీ అయ్యాక కూడా రెండు బండ్ల మధ్య తేల్చుకోలేకపోతుంటే, అడ్వాన్స్ కట్టే ముందు వాటిని ఒక్కోరోజు అద్దెకి తీసుకోండి. నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాలుండే సెల్ఫ్ డ్రైవ్ బండే తీసుకోండి, ఇన్సూరెన్స్ కాగితం అడగండి. హైదరాబాద్ వాళ్లకి టెస్ట్ రూట్‌గా నేను చెప్పేది శ్రీశైలమే. కల్వకుర్తి, డిండి వరకు తిన్నటి రోడ్డు మీద ఇంజిన్ నింపాదితనం తెలుస్తుంది. మన్ననూరు దాటాక నల్లమలలో స్పీడ్ బ్రేకర్లు సస్పెన్షన్‌ని పరీక్షిస్తాయి. డ్యామ్ దగ్గర ఘాట్ మలుపుల్లో బరువు, బ్రేకులు బయటపడతాయి. ఆనుపోనూ 400 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి ఏడో గంట దానంతటదే వస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ లేన్ల మీదకి టూవీలర్లని రానివ్వరు, సర్వీస్ రోడ్డు చూసుకోండి. అడవిలో సిగ్నల్ పోతుంది, ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే దించుకోండి. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఫారెస్ట్ గేట్లు మూసేస్తారు, కాబట్టి తిరుగు ప్రయాణం మధ్యాహ్నం మూడింటికల్లా మొదలుపెట్టండి.