నిండా పోస్తే ఆగే బండి

ఒక చిక్కు ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక పాత డీజిల్ పికప్ బండి ఉంది. ట్యాంకు నిండా డీజిల్ పోయిస్తే పాతిక కిలోమీటర్లు పోగానే ఆగిపోతుంది. సగం ట్యాంకు పోయిస్తే మాత్రం ఏ పేచీ లేకుండా నడుస్తుంది. ఎందుకని? ఇక్కడ చదవడం ఆపి రెండు నిమిషాలు ఆలోచించండి. గాలికి పీడనం ఉంటుందన్న సంగతి తెలిసినవారికి సమాధానం అందనంత దూరంలో ఏమీ లేదు.

ఇది పరీక్ష కోసం అల్లిన ప్రశ్న కాదు. మదనపల్లె మార్కెట్టుకు టమాటా తోలే ఒక రైతు బండికి పట్టిన జబ్బు. టమాటా ఒక పూట ఆలస్యమైతే ధర ఏమవుతుందో ఆ ప్రాంతపు పిల్లలకు నేను చెప్పనక్కర లేదు. ఆగిన బండిని పావుగంట నిలబెడితే మళ్లీ కదిలేది. అలాంటి పావుగంటలు నాలుగు కలిసేసరికి మార్కెట్లో వేలం అయిపోయేది. డీజిల్ కల్తీ అనుకొని ఆయన బంకు మార్చాడు. ఫిల్టరు మార్చాడు. ఫీడ్ పంపు మార్చాడు. చివరికి ఇంజెక్షన్ పంపు విప్పించడానికి అప్పు చేయబోయాడు. చేతిలో డబ్బు లేక సగం ట్యాంకుతో బయలుదేరిన రోజున మాత్రం బండి గుర్రంలా పరుగెత్తేది. "డబ్బుండే రోజే దీనికి కోపమొస్తుంది" అని నవ్వేవాడట, ఏడవలేక.

షెడ్డులో ఒక ముసలి మేస్త్రి బానెట్ ఎత్తకుండానే అడిగాడు: "ఎప్పటినుంచి ఇట్లయితా ఉంది నాయనా? దానికి ముందు బండికి ఏం చేసినావు?"

"ఏం చేయలేదు మేస్త్రీ. ట్యాంకు మూత యాడో పడిపోతే వేరే మూత పెట్టినా, అంతే. అది వదులుగా ఉంటే కింద పాలిథిన్ కవరు పెట్టి బిగించినా."

మేస్త్రి వెనక్కి నడిచి ఆ మూత తిప్పాడు. "ఉస్"మని గాలి లోపలికి దూరింది. జబ్బు కుదిరింది! ఇన్నాళ్లూ బండి ఆగినప్పుడల్లా అందరూ ముందున్న ఇంజను దగ్గరే గుమిగూడారు. వెనుకనున్న ట్యాంకు మూతను ఎవరూ తాకలేదు.

నూనె డబ్బాకు ఒకే చిల్లు పెట్టి వంచితే నూనె గుడగుడమంటూ ఆగి ఆగి వస్తుంది. అందుకే దుకాణంలో రెండో చిల్లు కూడా పెడతారు. నూనె పోయిన మేరకు గాలి లోపలికి రావాలి కదా! పాత బళ్ల ట్యాంకు మూతకు సన్నని రంధ్రం ఉండేది ఇందుకే. పాలిథిన్ ఆ దారిని మూసేసింది.

సరే, మరి సగం ట్యాంకుతో ఎందుకు ఆగలేదు? అసలు రుచి ఇక్కడ ఉంది. రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన నియమం గుర్తు చేసుకోండి. ఉష్ణోగ్రత మారకపోతే, వాయువు ఘనపరిమాణం పెరిగిన కొద్దీ దాని పీడనం తగ్గుతుంది. ట్యాంకు 60 లీటర్లది అనుకుందాం. నిండా పోస్తే పైన 3 లీటర్ల గాలి మిగిలింది. ఇంజను ఒక లీటరు డీజిల్ తాగగానే ఆ గాలి 4 లీటర్ల చోటుకు వ్యాపించాలి. పీడనం ముప్పావుకు పడిపోతుంది. రెండు లీటర్లు తాగితే అయిదింట మూడు వంతులే. ఇక పంపు ఎంత పీల్చినా డీజిల్ చాలినంత రాదు. లీటరుకు 12 కిలోమీటర్లు నడిచే బండికి రెండు లీటర్లంటే 24 కిలోమీటర్లు. లెక్క సరిపోయిందా?

సగం ట్యాంకులో గాలి 30 లీటర్లు ఉంటుంది. రెండు లీటర్లు తాగితే 30 కాస్తా 32 అవుతుంది. పీడనం నూటికి ఆరు వంతులు తగ్గినా పంపుకు అదొక లెక్కలోది కాదు. పైగా బిగింపు పూర్తిగా గాలి చొరనిది కాదు కనుక కొంచెం కొంచెంగా గాలి లోపలికి చేరుతూనే ఉంటుంది. బండి పావుగంట నిలబడితే మళ్లీ కదలడానికి కారణం కూడా ఈ సన్నని కారుడే.

ఇంకొక లెక్క. ట్యాంకు పైరేకు 80 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు అనుకోండి. వైశాల్యం 4000 చదరపు సెంటీమీటర్లు. వాతావరణ పీడనం చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో. లోపలి పీడనం పదో వంతు తగ్గినా ఆ రేకు మీద 400 కిలోల భారం పడుతుంది. మూత రంధ్రం మూసుకుపోయిన ట్యాంకులు కొన్ని లోపలికి సొట్టపోవడం ఇందువల్లనే. ఎవరో గుద్దారని తగవులాడుకుంటారు, పాపం!

డీజిల్ బళ్లలో ఇంకో మాయ జబ్బు ఉంది. రాత్రి బాగానే నిలిపిన బండి ఉదయం స్టార్టు కాదు. ఎక్కడా చుక్క డీజిల్ కారిన జాడ ఉండదు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు ఉన్న గొట్టంలో పంపు పీల్చడం వల్ల పీడనం బయటికన్నా తక్కువగా ఉంటుంది. ఆ గొట్టంలో వెంట్రుకవాసి పగులు ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. ద్రవాలను నొక్కితే దాదాపు కుదించుకోవు. గాలి సులువుగా కుదించుకుంటుంది. కనుక పంపు ఎంత నొక్కినా గాలిబుడగ నలుగుతుందే తప్ప ఇంజెక్టరు తెరుచుకునే పీడనం ఏర్పడదు. డ్రైవర్లు దీన్ని "ఎయిర్ పట్టింది" అంటారు. ఫిల్టరు మీది స్క్రూ కొద్దిగా వదులు చేసి, చేతిపంపు కొడుతూ, బుడగలు పోయి నికరంగా డీజిల్ వచ్చేదాకా వదిలితే ఇంజను అందుకుంటుంది. అయితే పగులు పోలేదు కదా! పాతబడిన రబ్బరు గొట్టమో, అరిగిన రాగి వాషరో మార్చేదాకా రోజూ ఈ తతంగం తప్పదు. గాలి వస్తున్నదో లేదో చూడటానికి మేస్త్రీలు మధ్యలో కాసేపు పారదర్శకమైన గొట్టం ముక్క తగిలిస్తారు. నాకు ఈ ఉపాయం భలే నచ్చుతుంది. మన ప్రయోగశాలలో చేసేది కూడా ఇదే కదా, కనపడనిదాన్ని కనపడేట్టు చేయడం.

రేడియేటర్ మూత సంగతి క్లుప్తంగా చెబుతాను. దాని స్ప్రింగు లోపలి పీడనాన్ని బయటికన్నా, ఉదాహరణకు, చదరపు సెంటీమీటరుకు అర కిలో ఎక్కువగా నిలిపితే నీరు 100 డిగ్రీల దగ్గర కాక దాదాపు 111 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరుగుతుంది. ప్రెషర్ కుక్కరు సూత్రమే. మూతలోని రబ్బరు వాషరు ఎండిపోతే ఆ పీడనం నిలవదు, నీరు త్వరగా మరిగి ఆవిరైపోతుంది. రేడియేటర్ చిల్లు కోసం వెతికి వెతికి విసిగినవారు వాషరు వంక చూడరు. కాని వేడి ఇంజను మూతను మీరెన్నడూ తిప్పవద్దు. పీడనం పోయిన మరుక్షణం నీరు ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

ఇక విద్యుత్తు జబ్బులు. హెడ్‌లైట్లు ధగధగా వెలుగుతాయి, హారన్ మోగుతుంది. సెల్ఫ్ కొడితే మాత్రం "టక్" మని ఊరుకుంటుంది. లైట్లు వెలుగుతున్నాయి కనుక బ్యాటరీ బాగుంది, సెల్ఫ్ మోటారే పోయిందంటారు. తొందరపడకండి. బండిలో కరెంటు బ్యాటరీ నుంచి తీగలో వెళ్లి, ఇంజను ఇనుము గుండా, ఎర్త్ వైరు ద్వారా తిరిగి వస్తుంది. ఆ వైరు బిగించినచోట తుప్పు పట్టి 0.02 ఓము నిరోధం చేరిందనుకుందాం. 60 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు తీసుకుంటుంది. ఓమ్ నియమం ప్రకారం 5 × 0.02 = 0.1 వోల్టు నష్టం, బల్బుకు తెలియనే తెలియదు. సెల్ఫ్‌కు 200 ఆంపియర్లు కావాలి. 200 × 0.02 = 4 వోల్టులు! పన్నెండులో మూడో వంతు తుప్పులోనే పోతే మోటారు ఎలా తిరుగుతుంది? కొన్నిసార్లు కరెంటు సరైన దారి దొరక్క యాక్సిలేటర్ కేబుల్ గుండా తిరిగి వస్తుంది. అప్పుడు ఆ కేబుల్ చేయి కాలేంత వేడెక్కుతుంది. చూసినవారికి దయ్యం పట్టినట్టే ఉంటుంది.

మందు మాత్రం కాసంత గరుకు కాగితం. వైరు విప్పి, లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించడమే.

సాయంత్రం రోడ్డు మీద పాత బళ్ల వెనుక దీపాలను గమనించండి. కుడి ఇండికేటర్ వేస్తే దాని పక్కనున్న ఎర్రదీపం కూడా మసకగా ఆరుతూ వెలుగుతూ ఉంటే, ఆ దీపాల గూటికి ఎర్త్ సరిగా లేదన్నమాట. ఇండికేటర్ కరెంటు బాడీకి చేరే దారి లేక, పక్క బల్బు ఫిలమెంటు గుండా అడ్డదారిన పోతున్నది.