హృదయ కండరమును కాపాడు కణములు

మన హృదయము పిడికిలియంత కండరపు సంచి. అది దినమునకు సుమారు 1 లక్ష మారులు కొట్టుకొనును. ఈ కండరమునకు రోగము కలిగినప్పుడు దేహమును కాపాడు కణములే కీడు చేయుట కలదు. అది యెట్లో చదువరు లెరుగుట మేలు.

రక్తమునందలి తెల్లకణములు దేహమునకు కావలిభటులు. 1882లో మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు నక్షత్రమీనపు పిల్లలో ముల్లు గ్రుచ్చి, సంచారకణములు దానిని చుట్టుముట్టుట చూచెను. ఆయనకు 1908లో ఎర్లిక్‌తో కూడ నోబెల్ బహుమానము లభించెను.

కాక్సాకీ వంటి వైరసు గుండెకండరమును సోకినచో మాక్రోఫేజులు, లింఫోసైటులు అను తెల్లకణము లచ్చటికి చేరును. అవి వైరసుతోపాటు అది చొచ్చిన కండరకణములనుగూడ చంపును. దొంగను పట్టవచ్చినవారు ఇల్లు పడగొట్టినట్లగును. వైరసు తొలగిన పిమ్మటను పోరు చల్లారనిచో, కండరమునకు బదులు నార పెరిగి, గుండె వదులై బలహీనపడును. అయినను చచ్చిన కణములను తొలగించి గాయము మాన్పునవియు నీ భటులే. కావున వానిని బొత్తిగా నణచుటయు తగదు.

ఈ పోరు జాడలు రక్తమున కానవచ్చును. ఇంటర్‌ల్యూకిన్-6 అను కబురు కాలేయమునకు చేరగా, అది సి-రియాక్టివ్ ప్రోటీనును హెచ్చుగా చేయును. దీనిని 1930లో న్యుమోనియా రోగుల రక్తమున కనుగొనిరి. ఇది పొగవంటిది: నిప్పున్నదని చెప్పునుగాని యెచ్చటనో చెప్పజాలదు. ట్రోపోనిన్ హెచ్చుట గుండెకండరము దెబ్బతిన్నదని తెలుపును. అందుచే వైద్యులు రెంటిని జూచి, ఇ.సి.జి. మొదలగు పరీక్షలతో సరిపోల్చెదరు.

గుండెకండర వ్యాధులన్నియు నిట్లే పుట్టవు, కొన్ని వంశానుగతములు. హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. వారు ఇతరులతో కూడి 2009లో ప్రకటించిన పరిశోధనమున, గుండెకండరపు ప్రోటీనొకదాని జన్యువులో 25 అక్షరములు లోపించుట భారతీయులలో 100కి సుమారు 4గురియందు కలదని తేలెను.

జూబిలీ హిల్సునందు 1988లో స్థాపింపబడిన అపోలో వైద్యశాల వంటి చోట్ల నీ పరీక్షలు జరుగును. అయినను మొదట కనిపెట్టవలసినవారు ఇంటివారు, ఉపాధ్యాయులు. ఫిల్మ్ నగరున నాట్యమాడు యువకునికైనను, పాఠశాలలో పరువెత్తు బాలునికైనను నియమమొక్కటే. జ్వరము తగ్గిన పిదప ఆయాసము, ఎదనొప్పి, గుండెదడ, సొమ్మసిల్లుట కలిగినచో వెంటనే ఆట మాని వైద్యునికి చూపవలెను. వ్యాధి నిర్ధారణమైనవారిని సాధారణముగా 3 మొదలు 6 నెలలవరకు శ్రమగల ఆటలు మానుమందురు. జ్వరము పడి లేచిన బాలుడు పరువెత్తలేనన్నచో దానిని సోమరితనమని యెంచి గద్దింపరాదు. అతని మాటను చెవియొగ్గి వినవలయును.