మూస డీజే సంగీతం: బలాలు, బలహీనతలు

రాజాం వీధుల్లో వినాయక నిమజ్జనం ఊరేగింపు చూసినవారికి డీజే బండి కొత్త కాదు. పాటలు మారుతుంటాయి. అయినా తర్వాతి పాటలో దెబ్బ ఎక్కడ పడుతుందో కుర్రకారు ముందే పసిగట్టి ఎగురుతారు. ఇలా ముందే తెలిసిపోవడం గుణమా, దోషమా? ఈ భాగం చదివాక మీరు దీనికి కారణాలతో సమాధానం చెప్పగలగాలి.

1. నిర్మాణం

డీజే రీమిక్సుల్లో వినిపించే పోకడల్లో రెండింటిని పరిశీలిద్దాం. ఎలక్ట్రో హౌస్ వేగం నిమిషానికి సుమారు 128 దెబ్బలు. ప్రతి దెబ్బకూ కిక్ డ్రమ్ము మోగుతుంది. డబ్‌స్టెప్ 2000 ప్రాంతంలో దక్షిణ లండన్‌లో రూపుదిద్దుకుంది. దాని వేగం సుమారు 140. అయితే స్నేర్ దెబ్బ ప్రతి నాలుగింటిలో మూడోదానిపై పడటం వల్ల నడక సగం వేగంలో ఉన్నట్టు తోస్తుంది. బేస్ స్వరం ఊగుతూ వినిపిస్తుంది. 2010 నాటి స్క్రిలెక్స్ పాటలతో దీని కరకు రూపం ప్రపంచమంతా పాకింది.

రెండింటి చట్రం దాదాపు ఒకటే: ఆరంభం, బిల్డప్, డ్రాప్, విరామం, మళ్ళీ బిల్డప్, డ్రాప్. బిల్డప్‌లో దెబ్బలు చిక్కబడతాయి, స్వరం పైకి లేస్తుంది, బేస్ తప్పుకుంటుంది. ఆపై కిక్, బేస్ ఒక్కసారిగా వచ్చి పడతాయి. అదే డ్రాప్.

2. బలాలు

పాటను తరచుగా 32 దెబ్బల ఖండాలుగా కడతారు. 128 వేగంలో ఒక ఖండం సరిగ్గా 15 సెకన్లు. అందుకే ఒక పాట ముగింపును మరో పాట ఆరంభంతో తెగకుండా కలపవచ్చు. ఆడేవారికి శిక్షణ అక్కర్లేదు. గుంపంతా ఒకేసారి కదులుతుంది. ఒక కంప్యూటరు ఉంటే కొత్తవారూ పాట కట్టవచ్చు. ఉత్తరాంధ్ర బాణీలోని ‘నక్కిలీసు గొలుసు’ పాట 2020లో ‘పలాస 1978’ సినిమాతో దూరదూరాలకు చేరింది. అలాంటి పాటలను ఈ తరం నోట నిలపడంలో రీమిక్సులకూ పాత్ర ఉంది.

3. బలహీనతలు

డ్రాప్ బలమంతా తేడాలో ఉంది: తగ్గితేనే పెరిగినట్టు తెలుస్తుంది. పాటంతా ఒకే హోరులో సాగితే ఆ తేడా చెరిగి చెవి అలసిపోతుంది. రెండోది, మూడేసి దెబ్బల నడకగల జానపద బాణీని నాలుగు దెబ్బల చట్రంలో ఇరికిస్తే మాటలు మిగులుతాయి, ఊపు పోతుంది.

4. పోలిక

మూస ఉండటమే తప్పని అనుకోకండి. మన తప్పెటగుళ్ళకూ మూస ఉంది: నెమ్మదిగా మొదలై వేగం అందుకుంటుంది. కానీ అక్కడ గురువు ఆటగాళ్ళ ఊపిరి, చూసేవారి ఉత్సాహం గమనించి వేగం పెంచుతాడు. ముందే తయారైన పాటకు ఆ చూపు లేదు. చూసి మార్చే పని డీజే చేస్తే మూస పనిముట్టు అవుతుంది. చేయకపోతే సంకెల అవుతుంది. ఊరేగింపు సొమ్మంతా బండికే పోతే తప్పెట నేర్చుకునేవారు కరవవుతారు. బాణీ సాగదీసి చూపేవారు లేనప్పుడు రీమిక్సుకు ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తుంది?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. డ్రాప్ ప్రభావానికి కారణమేమిటి?
2. మీ ఊరి ఊరేగింపులో ఒక డీజే పాట విని, 32 దెబ్బల ఖండాలను లెక్కించండి. చట్రం ఎక్కడైనా మారిందా? మారిన చోట జనం ఎలా స్పందించారో రాయండి.