పని మొదలయ్యే ముందు... పది నిమిషాలు!

ఉదయం ఎనిమిదింటికి హైదరాబాద్‌లో గచ్చిబౌలి, కోకాపేట వైపు వెళితే చాలాచోట్ల ఒకే దృశ్యం. సగం లేచిన భవనం కింద, ఇనుప చువ్వల కట్టల పక్కన, హెల్మెట్లు పెట్టుకున్న నలభై యాభై మంది వరసల్లో నిలబడి ఉంటారు. అచ్చం బడిలో ప్రార్థనకు నిలబడ్డట్టు! ఎదురుగా సూపర్‌వైజరు ఏదో చెబుతుంటాడు. పది నిమిషాలకు మాటలు అయిపోతాయి. ఒక రిజిస్టరు చేతులు మారుతుంది. సంతకాలూ వేలిముద్రలూ పడ్డాక ఎవరి పనికి వాళ్లు.

దీన్నే 'టూల్‌బాక్స్ టాక్' అంటారు. సైట్లలో పొట్టిగా టీబీటీ. పనిముట్ల పెట్టె దగ్గర నిలబడి, ఆ రోజు చేయబోయే పనిలో ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో మాట్లాడుకోవడం దీని ఉద్దేశం. పెద్ద నిర్మాణ సంస్థల్లో ఇది రోజూ జరుగుతుంది. అయితే చాలాచోట్ల వినిపించేది మాత్రం ఒకటే పాట... 'హెల్మెట్ పెట్టుకోండి, బెల్టు కట్టుకోండి, జాగ్రత్తగా ఉండండి'. నెల రోజులు వరసగా అదే వింటే ఎవరికి మాత్రం చెవికెక్కుతుంది!

బెల్టు సరే... కొక్కెం ఎక్కడ?

'బెల్టు కట్టుకోండి' అనే మాటనే తీసుకుందాం. బెల్టు కట్టుకున్నవాడు దాని కొక్కేన్ని ఎక్కడ తగిలించాలి? తలకన్నా ఎత్తులో, గట్టి ఆధారానికి. తేలిగ్గా ఉంటుందని చాలామంది కాళ్ల దగ్గరున్న పైపుకు తగిలిస్తారు. అప్పుడేమవుతుందో చిన్న లెక్క చూడండి. బెల్టు తాడు దాదాపు 6 అడుగులు. తాడు కలిసే రింగు వీపు మీద, అంటే పాదాలకు సుమారు 5 అడుగుల పైన ఉంటుంది. మనిషి జారితే ఆ 5 అడుగులూ, తాడు పొడవు 6 అడుగులూ కలిపి 11 అడుగులు కిందికి వచ్చాకగానీ తాడు బిగుసుకోదు. శ్లాబు ఎత్తేమో 10 అడుగులు! మొదటి అంతస్తు అంచు నుంచి పడితే బెల్టు పని మొదలుపెట్టేలోపే నేల తగులుతుంది. పైగా అలా పడటానికి ఒక్క సెకను కూడా పట్టదు.

ఈ లెక్కను ఓ తాడుముక్క పట్టుకుని, స్తంభానికి కట్టి చూపిస్తే రెండు నిమిషాల పని. చూసినవాడు మర్నాడు కొక్కెం కాళ్ల దగ్గర తగిలించడానికి వెనకాడతాడు. 'జాగ్రత్త' అన్న మాటకు ఆ బలం ఉండదు.

ప్లైవుడ్ ముక్క సంగతీ అంతే. శ్లాబులో పైపుల కోసం వదిలిన రంధ్రాల మీద ప్లైవుడ్ కప్పి ఉంచుతారు. సెంట్రింగ్ పనికి అవసరమై ఎవరో దాన్ని ఎత్తుతారు. రెండు చేతులతో ఎదురుగా పట్టుకుని అడుగు ముందుకేస్తారు. పలక అడ్డంగా ఉంటుంది కాబట్టి కింద ఏముందో కనిపించదు. తాను తెరిచిన గుంతలో తానే పడిపోతాడు! అనేక దేశాల్లో పదేపదే జరిగిన ప్రమాదమిది. ఆ పలకను మేకులతో బిగించాలి. అది ఉత్త చెక్క కాదు, గుంత మీది మూత అని తెలిసేలా ఎర్రరంగు గుర్తు వేయాలి. ఉదయం పది నిమిషాల్లో చెప్పాల్సింది ఇలాంటి సంగతులే. ఆ రోజు ఏ అంతస్తులో ఏ మూత తీశారన్నది పుస్తకాల్లో దొరకదు. నిన్న సాయంత్రం అక్కడ పని దిగిన మేస్త్రీకే తెలుస్తుంది. అందుకే మంచి సూపర్‌వైజర్లు తాము మాట్లాడేది తగ్గించి, 'నిన్న ఎక్కడైనా భయమేసిందా?' అని అడుగుతారు. మొదట్లో ఎవరూ నోరు విప్పరు. ఒకడు విప్పాడంటే మిగతావాళ్లూ అందుకుంటారు.

అన్నట్టు, ఏ భాషలో?

హైదరాబాద్ సైట్లలో ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. మేస్త్రీది శ్రీకాకుళమో పాలమూరో అయి ఉంటుంది. సేఫ్టీ అధికారి ఇంగ్లిషు కాగితం చూసి హిందీలో చదువుతాడు. ఊరు దాటి తొలిసారి వచ్చిన ఒడియా కుర్రాడు నలుగురితోపాటు తలూపుతాడు. ఆ తలూపుడుకు అర్థం 'తెలిసింది' అని కాకపోవచ్చు.

ఈ కష్టం మనవాళ్లకూ కొత్తకాదు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్లిన కూలీలు అక్కడ ఇదే వరసలో నిలబడతారు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకూ నేరుగా ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. అది అర్థమయ్యే భాషలో చెబితేనే కదా, అడిగే ధైర్యం వచ్చేది!

సంతకం ఎవరి కోసం?

ప్రమాదం జరిగితే మొదట వెతికేవాటిలో ఆ రిజిస్టరు ఒకటి. 'చెప్పాం, ఇదిగో వేలిముద్ర' అనడానికి పనికొస్తుంది. అందుకే కొన్నిచోట్ల మాటలు లేకుండానే సంతకాలు పూర్తవుతాయి. 500 మందీ అంతకు మించీ పనిచేసే చోట యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులతో భద్రతా కమిటీ ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. దాని స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. చట్టం ఏదైనా, అసలు పరీక్ష పదకొండు గంటలకు ఎదురవుతుంది. పొద్దున విన్న కూలీ 'ఈ పరంజా ఊగుతోంది, ఎక్కను' అంటే మేస్త్రీ ఏమంటాడు? ఆ పూట కూలి కోస్తే మర్నాటి టీబీటీ ఎవరూ వినరు.

ఇక అడ్డా మీద నుంచి ఆటోలో వచ్చి, మన వీధిలో రెండంతస్తుల ఇల్లు కట్టే కూలీలకు ఈ పది నిమిషాలు కూడా లేవు. హెల్మెట్ ఉండదు, రిజిస్టరు ఉండదు. చెప్పులతోనే పరంజా ఎక్కుతారు. అక్కడ ఆ మాట చెప్పాల్సింది మేస్త్రీ, చెప్పించాల్సింది ఇల్లు కట్టించుకునేవాళ్లు. ఇంటి ముందు నుంచి వెళ్లే 11 కేవీ తీగల్ని చూపించి, 'చువ్వలు ఈ వైపు నుంచి పైకి అందించొద్దు, వెనక నుంచి తీసుకెళ్లండి' అని పని మొదలెట్టేముందే చెప్పాలి. చెప్పాక, వెనకవైపు ఇసుక కుప్ప అడ్డంగా ఉంటే దాన్ని ముందు తీయించాలి.