హాస్య ధారావాహికలకు అంతమంది ప్రేక్షకులు ఎందుకు?

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• హాస్య ధారావాహికలు ఎక్కువమందిని ఆకట్టుకోవడానికి కారణాలు చెప్పగలుగుతారు.
• మీరు చూసే హాస్యంలోని మంచిచెడ్డలను గుర్తించగలుగుతారు.

1. ఒకే టి.వి., పలు భాషలు

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. పని వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. వారిలో తెలుగువారు కూడా ఎందరో ఉన్నారు. ఒకే వరుస క్వార్టర్లలో తెలుగు, ఒడియా, బెంగాలీ, ఛత్తీస్‌గఢీ మాటలు వినిపించే ఊరు అది.

1984లో దూరదర్శన్ 'యే జో హై జిందగీ' అనే హిందీ హాస్య ధారావాహికను ప్రసారం చేసింది. 1986లో 'నుక్కడ్', 1988లో 'వాగ్లే కీ దునియా' వచ్చాయి. ఇంటి భాష ఏదైనా దేశమంతటా జనం వీటిని చూశారు. ఎందుకు?

2. కారణాలు

మొదటిది, అవకాశం. ఆనాడు చాలా ఊళ్లలో దూరదర్శన్ తప్ప వేరే ఛానల్ లేదు. కాబట్టి ప్రేక్షకుల సంఖ్య ఒక్కటే చూసి కార్యక్రమం గొప్పదని నిర్ణయించలేం. అయితే అదే దూరదర్శన్‌లో వచ్చిన ప్రతి కార్యక్రమం కోసమూ జనం ఎదురుచూడలేదు. అంటే ఇతర కారణాలు కూడా ఉన్నాయన్నమాట.

రెండవది, తెలిసిన మనుషులు. 'నుక్కడ్' అంటే వీధి మలుపు. అక్కడ చేరేది ఎలక్ట్రీషియన్, సైకిల్ షాపువాడు, హోటల్ యజమాని వంటివారు. ఆర్.కె. లక్ష్మణ్ సృష్టించిన వాగ్లే ఒక చిన్న ఉద్యోగి. అతని ఇబ్బందులు మన ఇంట్లోనూ ఉన్నవే.

మూడవది, ఏ వారం కథ ఆ వారమే ముగియడం. కర్మాగారంలో మూడు షిఫ్టులు ఉంటాయి. మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్లినవారు రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఉండరు. ఒక వారం చూడకపోయినా, మరుసటి వారం కథ అర్థమవుతుంది.

నాలుగవది, మారని స్వభావం. 2001లో జెమినీ టి.వి.లో మొదలైన 'అమృతం' చూడండి. అమృతం, ఆంజనేయులు హోటల్ నడుపుతారు. పథకం వేస్తారు, అది బెడిసికొడుతుంది. మళ్లీ కొత్త పథకం! వాళ్లు పొరపాటు చేస్తారని మనకు ముందే తెలుసు. ఎలా చేస్తారో చూడాలనే కుతూహలమే మనల్ని కూర్చోబెడుతుంది. అమృతం పాత్రను శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ వేర్వేరు కాలాల్లో పోషించారు. నటులు మారినా ధారావాహిక 2007 వరకు సాగింది. ప్రేక్షకులను పట్టి ఉంచడంలో పాత్ర స్వభావానికి ఎంత బలం ఉందో దీనివల్ల తెలుస్తుంది.

3. నవ్వు ఎవరి మీద?

పైన చెప్పిన అమృతాన్ని చూసి నవ్వేది అతని అత్యాశకు. ఆ అత్యాశ మనలోనూ కొంత ఉంది. కనుక అతనితోపాటు మనల్ని చూసి మనమే నవ్వుకుంటాం. కాని కొన్ని కార్యక్రమాలు ఒకరి యాసను, ఒంటి రంగును, చేసే పనిని ఎగతాళి చేస్తాయి. దక్షిణాదివారి హిందీ యాసను వెక్కిరిస్తే గదిలో అందరూ నవ్వవచ్చు. ఆ గదిలో తెలుగు పిల్లవాడు కూడా ఉంటాడు. మరునాడు బడిలో నోరు విప్పడానికి వాడు జంకుతాడు. ఎంతమంది నవ్వారన్న లెక్కలో ఈ బాధ కనిపించదు. అందువల్ల నవ్విన తర్వాత ఒక్క క్షణం ఆలోచించడం అవసరం.

మీరు చేయండి

మీకు నచ్చిన ఒక హాస్య కార్యక్రమాన్ని చూడండి. మీకు నవ్వు తెప్పించిన మూడు సన్నివేశాలు రాయండి. ప్రతి సన్నివేశంలో నవ్వు మనిషి చేసిన పొరపాటు మీదా, లేక అతని పుట్టుక, భాష, వృత్తి మీదా? మీ ఇంట్లోవారితో చర్చించి నాలుగు వాక్యాల్లో జవాబు రాయండి.